దువ్వాడ దాటాక

రైల్లో, బరంపురం దాటాక, సాయంత్రం

చిన్నదాని అమ్మకి,

ఫోనులో చెబితే నీకు సగమే వినపడుతుంది, మిగతా సగం పక్కింటావిడకి వినపడుతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చిన్నది దీన్ని ఫోటో తీసి నీ తమ్ముడి ఫోనుకి పంపుతుంది. వాడు జంక్షన్‌లో దీక్షా శిబిరం నుంచి వచ్చాక చదివి వినిపిస్తాడు. తొందరపెట్టకు వాడిని. 2021 నుంచి విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఆ టెంటు కింద కూర్చుంటున్న మనిషి, ఒక ఉత్తరానికి పది నిమిషాలు ఆగితే తప్పులేదు.

దువ్వాడలో రైలు ఆలస్యంగా వచ్చింది. ఇచ్ఛాపురం దాటగానే వాన పట్టుకుంది. కిటికీ అద్దం సరిగా పడలేదు, నా ఎడమ మోకాలు తడిసి అప్పటినుంచీ సలుపుతోంది. చిలికా సరస్సు వస్తుందని అందరూ కిటికీల దగ్గరికి చేరుతున్నారు. నువ్వు కట్టిచ్చిన పులిహోర పలాస రాకముందే అయిపోయింది. సగం చిన్నదే తిన్నది. ఆ మాట నీకు సంతోషంగా ఉంటుందని రాస్తున్నాను. ఇన్ని నెలల్లో అది ఆకలిగా తినడం నేను చూడలేదు.

దాని ఒళ్లో దత్తత ఫైలు ఉంది. నిద్రపోతున్నా రెండు చేతులూ దానిమీదే. నువ్వు బయల్దేరేటప్పుడు అడిగావు కదా, ఇల్లుంది, జీతముంది, మంచి మనసుంది, చిన్నదానికీ అల్లుడికీ బిడ్డను దత్తత ఇవ్వడానికి ఏటి అడ్డం అని. రైల్లో అడిగి ఒక్కొక్క కాగితం చూశాను. అమెరికాలో ఇంటికొచ్చి వీళ్ల కాపురం చూసి అక్కడి ఏజెన్సీ రాసిన హోం స్టడీ. డాక్టరు రాసినది. పోలీసులు ఏ కేసూ లేదని రాసినది. జీతం, బ్యాంకు, పెళ్లి సర్టిఫికెట్, తెలిసినవాళ్లు ఇచ్చిన సిఫారసు ఉత్తరాలు. వాటికి నోటరీ, నోటరీ మీద అపోస్టిల్ ముద్ర. వీటన్నిటికీ గడువులున్నాయి, అదే వీళ్లిద్దరి ప్రాణం తీసింది. అమెరికా ప్రభుత్వం ఇచ్చే ముందస్తు అనుమతి 15 నెలలే చెల్లుతుంది, వేలిముద్రలూ అంతే. ఇక్కడ ఫైలు కదిలేలోపు అక్కడ వేలిముద్రలకు కాలం చెల్లిపోయేది. మళ్లీ వెళ్లి వేళ్లు పెట్టి వచ్చేవాళ్లు.

మన ఊళ్లోనే బిడ్డ దొరకదా అని మీ పెద్దక్క ఇప్పటికీ అంటుంది. ఆవిడకి చెప్పు. దేశమంతటికీ ఒకటే వరస, ఢిల్లీలో కారా అనే సంస్థ దగ్గర. మన దేశంలో ఉన్నవాళ్లకీ, విదేశాల్లో ఉంటున్న భారత పౌరులకీ ఒకే వరస. మనవాళ్లు అమెరికా పౌరసత్వం తీసుకున్నారు కాబట్టి వాళ్ల తర్వాతే. విశాఖలో అడిగినంత మాత్రాన విశాఖ బిడ్డను చేతిలో పెట్టరు. ఏ రాష్ట్రం నుంచి కబురొస్తే అక్కడికి వెళ్లాలి.

బోగీలో దీపాలు ఆర్పేస్తున్నారు. సుగర్ మాత్ర వేసుకున్నాను, అడగొద్దు.

*

ఒడిశాలో ఒక ఊరు, రాత్రి

ఊరి పేరు రాయను. పాప పేరూ రాయను. దత్తతకు వెళ్లే బిడ్డ వివరాలు బయటపెట్టకూడదని చట్టం. నీ తమ్ముడికి కూడా చెప్పు, ఈ ఫోటోలు శిబిరంలో ఎవరికీ చూపించొద్దని.

రోజంతా ఒక ఆఫీసు వరండాలో కూర్చున్నాం. పాపను అప్పగించే కాగితం మీద సంతకం చెయ్యాల్సినాయన వేరే పని మీద వెళ్లారు. రేపు రమ్మన్నారు. కలెక్టరుగారి దత్తత ఉత్తర్వు పోయిన నెలే అయింది, అప్పుడే కదా అల్లుడుగారు వచ్చి సెలవు అయిపోయి వెళ్లిపోయింది. పాత పద్ధతిలో దీనికి కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. 2021లో చట్టం మార్చి, 2022 సెప్టెంబరు నుంచి కలెక్టర్లకి అప్పజెప్పారు. ఉత్తర్వు తర్వాత కొత్త తల్లిదండ్రుల పేర్లతో జనన ధ్రువపత్రం, ఆ తర్వాత పాస్‌పోర్టు. అన్నీ చేతిలో ఉన్నాయి. పాప ఉన్న శిశుగృహం మేం కూర్చున్న చోటికి నడిచి వెళ్లేంత దూరం. చిన్నది మధ్యాహ్నం ఆ వీధి చివరిదాకా వెళ్లి గేటు చూసి వచ్చింది. వచ్చి నా పక్కన కూర్చుని ఏమీ మాట్లాడలేదు. నాకు ఆ సంతకం పెట్టాల్సినాయన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

వరండాలో వాన చూస్తూ నీ ప్రశ్నకి జవాబు ఆలోచించాను.

నీకు గుర్తుందా, 1999లో ఒకసారి, 2001లో మళ్లీ, పేపర్ల నిండా అవే వార్తలు. నల్గొండ జిల్లా దేవరకొండ వైపు తండాల్లో లంబాడా తల్లికి మళ్లీ ఆడపిల్ల పుట్టిందంటే దళారీ వాలిపోయేవాడు. చేతిలో కాస్త డబ్బు పెట్టి బిడ్డను తీసుకుపోయేవాడు. హైదరాబాదులో కొన్ని సంస్థలు ఆ బిడ్డలకు ఎవరూ లేరని కాగితాలు పుట్టించి విదేశాలకు పంపేవి. గుట్టు బయటపడ్డాక అరెస్టులు, సంస్థల అనుమతుల రద్దు. పిల్లలను యూసఫ్‌గూడ శిశువిహార్‌కి చేర్చారు. అప్పటికే ఆ పిల్లల ఫోటోలు ఇంట్లో పెట్టుకుని ఎదురుచూస్తున్న విదేశీ దంపతులు ఏళ్లకేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. ఆ ఏళ్లన్నీ పిల్లలు శిశువిహార్‌లోనే పెరిగారు.

ఇంకొకటి చిన్నది చెప్పింది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో డేవిడ్ స్మోలిన్ అని న్యాయశాస్త్రం బోధించే ఆచార్యుడు ఉన్నాడు. 1998లో ఆయనా ఆయన భార్యా మన రాష్ట్రం నుంచే ఇద్దరు అక్కచెల్లెళ్లను దత్తత తీసుకున్నారు. ఇంటికొచ్చాక పిల్లలు, మాకు అమ్మ ఉంది, ఆమెను మోసం చేసి మమ్మల్ని తెచ్చారు అని చెప్పారు. కొన్నేళ్ల తర్వాత ఆ తల్లి ఆచూకీ దొరికింది. ఆ తల్లి ఆ ఏళ్లన్నీ ఎలా గడిపిందో నువ్వూ నేనూ ఊహించగలం, మన పెద్దోడు తిరునాళ్లలో తప్పిపోయిన ఆ పూట తలుచుకుంటే చాలు. ఆయన ఆ తర్వాత ఇలాంటి దత్తతల మీదే వ్యాసాలు రాస్తూ వచ్చాడు.

కాబట్టి మన తెలుగువాళ్లం ఈ కాగితాలు ఎందుకని అడగలేం. 1982లో లక్ష్మీకాంత్ పాండే అనే లాయరు విదేశీ దత్తతల పేరుతో పిల్లల వ్యాపారం జరుగుతోందని సుప్రీంకోర్టుకి ఉత్తరం రాస్తే ఆ ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకున్నారు. 1984లో జస్టిస్ భగవతి తీర్పు రాశారు. ఇవాళ మన ఫైల్లో ఉన్న కాగితాల్లో చాలావాటికి మూలం అది. 1993లో హేగ్‌లో చాలా దేశాలు కలిసి ఒప్పందం రాసుకుంటే మన దేశం 2003లో దానికి కట్టుబడింది. కన్నతల్లి తానే బిడ్డను అప్పగిస్తే ఆమె మనసు మార్చుకోవడానికి రెండు నెలలు ఆగాలి. దొరికిన బిడ్డయితే పేపర్లో ఫోటో వేయించి కన్నవాళ్ల కోసం వెతకాలి. వెతికాకే శిశు సంక్షేమ కమిటీ దత్తతకు అర్హత ఇస్తుంది. నువ్వు విసుక్కున్న ఆలస్యంలో ఈ నెలలు కూడా ఉన్నాయి. ఆ నెలలు ఎక్కడో ఉన్న ఒక ఆడమనిషివి. వాటిలో ఒక్కరోజు కూడా మనం అడగకూడదు.

నేను ఉక్కు ఫ్యాక్టరీలో గోదావరి బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర ఉన్నప్పుడు షట్‌డౌన్ పర్మిట్ లేకుండా ఎవరినీ లోపలికి దిగనిచ్చేవాణ్ణి కాదు. ఎలక్ట్రికల్ సంతకం, గ్యాస్ సేఫ్టీ సంతకం, అన్నీ పడాలి. కుర్రాళ్లు తిట్టుకునేవాళ్లు. పర్మిట్ రాయడానికి పట్టే టైము ఎప్పుడూ నాకు బాధ అనిపించలేదు. రాసిన పర్మిట్ ఎవరి టేబుల్ మీదో పడుంటే మాత్రం వెళ్లి అరిచేవాణ్ణి. ఇక్కడా అంతే చెయ్యాలనిపించింది. పాపకి వారం వారం వయసు పెరుగుతోంది, ఆ వారాలు శిశుగృహంలో పెరుగుతోంది. కమిటీ వెతికిన నెలలకి నేను దణ్ణం పెడతాను. ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి వెళ్లకుండా పోయిన నెలలకి ఎవరు జవాబు చెబుతారు? మనవాళ్ల ఫైల్లో రెండో రకమే ఎక్కువ.

కదలని కాగితం సంగతి నాకు తెలుసు. ఉక్కు ఫ్యాక్టరీకి ఊరు ఇచ్చి నిర్వాసితుల ఆర్-కార్డు పట్టుకున్న ఇళ్లలో నాకు ఉద్యోగం వచ్చింది, మా చిన్నాన్న కొడుక్కి ఇప్పటికీ రాలేదు. వాడి కార్డు ఇంకా ట్రంకుపెట్టెలోనే ఉంది.

దోమలు కుడుతున్నాయి. రేపు రాస్తాను.

*

అదే ఊరు, మర్నాడు రాత్రి

వచ్చింది. మన దగ్గరే ఉంది. ఇప్పుడు నిద్రపోతోంది.

పొద్దున్న సంతకం అయింది. శిశుగృహంలో ఆయమ్మ పాపకి తలంటి, నూనె రాసి, రెండు జడలు వేసింది. పసుపు గౌను. పై పెదవి మీద కుట్లు వేసిన గీత ఉంది, మెడికల్ రిపోర్టులో రాసినదే. ఫోటోలో కనిపించినంత కూడా లేదు. పాప ఏడవలేదు. ఆయమ్మ ఏడ్చింది. దువ్వెన చేతిలోనే పట్టుకుని గేటుదాకా వచ్చి, చివరికి ఆ దువ్వెన కూడా పాప సంచిలో పెట్టేసింది. ఆవిడకి నేను చెయ్యెత్తి దణ్ణం పెట్టాను. ఆరేళ్ల బిడ్డ మాట్లాడే ప్రతి మాటా ఆవిడ నేర్పినదే.

ఐదేళ్లు దాటిన బిడ్డ సమ్మతి కూడా అడగాలి. ఉత్తర్వుకి ముందు అడిగారట, వీళ్లతో వెళ్తావా అని. పాప ఎదురు అడిగిందట, ఆ ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారని. ఎవరూ లేరు, నువ్వే అన్నారట. మరి రాత్రి నేను ఎవరి పక్కన పడుకోవాలి అని అడిగిందట. చిన్నది ఈ సంగతి నాకు ఇవాళే చెప్పింది, ఇన్నాళ్లూ లోపలే దాచుకుంది.

మధ్యాహ్నం హోటలుకి వెళ్లాం. అన్నం, దాల్మా, బంగాళాదుంప ముద్ద, వడియాల పొడి. పాప ముందు పళ్లెం పెట్టారు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తినమ్మా అని చిన్నది తెలుగులో, ఇంగ్లీషులో, సైగలతో చెప్పింది. పాప పళ్లెం వైపు చూస్తుంది, మా మొహాలు చూస్తుంది, ముట్టదు. నచ్చలేదేమో అని చిన్నది ఇంకేదో తెప్పించింది. ఆకలి లేదేమో అనుకుంది. దాని కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, నన్ను బిడ్డ ఒప్పుకోవడం లేదు నాన్నా అంటుంది. అన్నం చల్లారిపోయింది. నాకు ప్లాంటులో ఒడియా కుర్రాళ్ల దగ్గర నేర్చిన నాలుగు ముక్కలున్నాయి కదా, వాటితో అడిగాను, ఏటమ్మా అని. పాప చాలాసేపు ఆలోచించి చెప్పింది, ఇంకా ఎవరూ ప్రార్థన మొదలుపెట్టలేదు కదా అని. వాళ్లక్కడ అందరికీ వడ్డించాక, కలిసి ప్రార్థన చేశాకే ముట్టుకుంటారు. పెద్దవాళ్లం మేమిద్దరం ఉన్నాం, మాలో ఎవరైనా మొదలుపెడతారని ఆ గుంట అంతసేపూ ఎదురుచూసింది. నేను చేతులు జోడించి సింహాద్రి అప్పన్నను తలుచుకున్నాను. చిన్నది కళ్లు మూసుకుంది. పాప తన ప్రార్థన మొత్తం పాడింది. పక్క టేబుల్ వాళ్లు కూడా తినడం ఆపి విన్నారు. ఆ తర్వాత మూడుసార్లు అన్నం పెట్టించుకుంది.

హోటల్లో పఖాళ కూడా ఉంది. మన తరవాణి అన్నమే అనుకో. రాత్రి అదే కావాలంది. నేనూ అదే తిన్నాను, మా అమ్మ చేతి కుండ గుర్తొచ్చింది.

నన్ను అజా అంటోంది. అమ్మ తండ్రిని ఇక్కడ అలాగే పిలుస్తారు. నిన్నేమని పిలవాలో నువ్వే నేర్పు.

*

ఢిల్లీ, మంచంమీద

జ్వరం తగ్గింది, కంగారుపడకు. ఎండకి వచ్చింది. కళ్లు మండుతున్నాయి, ఇల్లు గుర్తొస్తోంది. రెండు పూటలు ఏమీ సయించలేదు. మూడో పూట చిన్నది ఆంధ్రాభవన్‌కి తీసుకెళ్లింది. పప్పు, పులుసు, పెరుగు. పెరుగన్నం దగ్గర నీమీద బెంగ పుట్టింది. ఇండియా గేటు దారిలో కనపడింది.

స్టేషను నుంచి వచ్చేటప్పుడు ఆటోవాడితో గొడవైంది. ఎక్కేటప్పుడు ఒక మాట, దిగేటప్పుడు సామానుకి వేరే అంటాడు, బిడ్డకి వేరే అంటాడు. ఒళ్లో కూర్చున్న ఆరేళ్ల బిడ్డకి చార్జీ ఏటని నా గొంతు లేచింది. అప్పుడు పాప బ్యాగు వెనక్కి దూరిపోయి చెవులు మూసుకుంది. నేను ఆపేశాను. అడిగింది ఇచ్చేశాను. ఆ డబ్బు లెక్క నువ్వు అడగొద్దు. మన ఇంట్లో కూడా ఈ వారం ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. ముఖ్యంగా టీవీ ముందు మీ తమ్ముడు.

కారా వాళ్ల నుంచి హేగ్ ఒప్పందం 23వ అధికరణం ప్రకారం ఇచ్చే ధ్రువపత్రం వచ్చింది. ఈ దత్తత నియమాల ప్రకారమే జరిగిందని అన్ని దేశాలకీ చెప్పే కాగితం అది. చిన్నది దాన్ని చదివి, మడవకుండా, ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టింది. అమెరికా రాయబార కార్యాలయంలో వీసా పని కూడా అయింది. ఆ వీసాతో అక్కడ దిగిన రోజే పాప ఆ దేశ పౌరురాలవుతుంది. ఆ చట్టం 2001 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు వెళ్లి అప్పటికే పెద్దవాళ్లైన దత్తత పిల్లల్లో కొందరికి పెంచినవాళ్లు పౌరసత్వం పని చెయ్యక, దేశం నుంచి పంపించేసిన సంగతులున్నాయట. వింటే కడుపులో దేవినట్టైంది.

ఇంతటితో అయిపోలేదు. రెండేళ్లు అక్కడి ఏజెన్సీ పాప ఎలా ఉందో చూసి రిపోర్టు పంపాలి, మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, రెండో ఏడాది ఆరు నెలలకొకసారి. నాకు అది బాగా నచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు తెలుసుకోవాలని పాప అడగవచ్చు. అడిగితే మనం అడ్డుపడకూడదని చిన్నదీ నేనూ అనుకున్నాం. అప్పటికి నేనుండకపోతే నువ్వు గుర్తుచెయ్యి.

పాప రాత్రి దీపం ఆర్పితే లేస్తుంది. నీ మంచం పక్కన దాని మంచం వెయ్యి, మధ్యలో ఖాళీ వద్దు. పెదవి గురించి ఎవరూ అడగకూడదు. మీ అమ్మ ఎవరు, ఎక్కడ దొరికావు అని అడిగేవాళ్లు మన వీధిలో ఇద్దరున్నారు, ఎవరో నీకు తెలుసు. వాళ్లు వస్తే గుమ్మంలోనే మాట్లాడి పంపించు. మేం వచ్చే ముందురోజు రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచు, ఉప్పు తక్కువ. వడియాలు ఎండబెట్టావో లేదో.

వాళ్లు విమానం ఎక్కేలోపు మనింట్లో ఉండేది కొద్ది రోజులే. ఆ రోజుల్లో ఎవరినీ భోజనానికి పిలవకు. మీ పెద్దక్కనైనా సరే. ఆవిడకి కోపం వస్తే నా పేరు చెప్పు.