ఒడ్డు మీది కెప్టెన్

పడవ పందెమంటే మనవాళ్లకు కేరళ అలప్పుళ గుర్తొస్తుంది. అక్కడ నాలుగైదు నిమిషాల్లో తేలిపోతుంది. టెక్సస్ వాటర్ సఫారీ అలా కాదు. జూన్ రెండో శనివారం ఉదయం 9 గంటలకు శాన్ మార్కోస్ ఊటల దగ్గర పడవలు బయల్దేరతాయి. 260 మైళ్ల దిగువన, సముద్ర తీరంలోని సీడ్రిఫ్ట్‌కు 100 గంటల్లో చేరాలి. అంటే బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట గడువు. 1963 నుంచి నడుస్తున్న పందెమిది. డబ్బు బహుమతేమీ లేదు, గడువులోగా చేరినవాళ్లకు చొక్కా మీద కుట్టుకునే గుడ్డ బ్యాడ్జీ ఒకటి ఇస్తారు.

ఆస్టిన్‌లో మా ఆఫీసువాళ్లిద్దరు దీనికి పేర్లిచ్చి, నన్ను టీమ్ కెప్టెన్‌గా రమ్మన్నారు. తెడ్డు ముట్టే పని లేదు. నది వెంట కారులో ఒక్కో చెక్‌పాయింట్‌కూ ముందే చేరి, పడవ రాగానే నీళ్లు, ఐసు, తిండి అందించాలి. అంతకు మించి పెద్దగా సాయం చెయ్యకూడదు. డ్యాముల దగ్గర వాళ్లు పడవను మోసుకుంటూ దాటుతుంటే చెయ్యి కూడా వెయ్యకూడదు.

స్టేపుల్స్ అనే చెక్‌పాయింట్ దగ్గర మోకాటి లోతు నీళ్లలో కాచుకున్నాను. రెండు చేతుల్లో నీళ్ల జగ్గులు, భుజాన ఐసు నింపిన పొడుగు మేజోళ్లు. పడవ ఆగీ ఆగగానే ఖాళీ జగ్గు లాగేసి నిండుది పెట్టాలి, తాగే పైపు బిగించాలి, మేజోడు మెడకు చుట్టాలి. ఆ ఎండలో ఐసు కరిగి వీపు మీదికి కారుతుంటే వాళ్లకు అదే ఏసీ. నిమిషంలో అయిపోయే ఈ పని కోసం గంటల తరబడి పడిగాపులు.

శక్తి కోసం తినే తీపి జెల్లులు తిని తిని మొహం మొత్తిందన్నారు. గొంజాలెస్ చెక్‌పాయింట్‌లో పులిహోర ఉండలు కట్టి ఇచ్చాను. ఉప్పూ పులుపూ ఉంటాయి, ఎండకు తొందరగా పాడవదు. తర్వాతి మజిలీలో పడవ ఆగకముందే "ఆ పసుపు అన్నం ఉందా?" అని కేక!

విక్టోరియా ఊరు దాటాక అసలు పరీక్ష. వరదల్లో కొట్టుకొచ్చిన చెట్లు నదికి అడ్డంగా పేరుకుపోయి ఉంటాయి. బురదలో దిగబడుతూ పడవను చుట్టూ మోసుకెళ్లాలి. నిద్రలేమితో చెట్లు మనుషుల్లా కనబడతాయట. ఆఖర్న శాన్ ఆంటోనియో అఖాతం, గాలి, అలలు.

అక్కడిదాకా వెళ్లకముందే, విక్టోరియాలోనే మావాళ్లలో ఒకతను అర్ధరాత్రి ఒడ్డున కూలబడ్డాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. "ఇక చాల్లే, వచ్చెయ్" అనబోయాను. మనింట్లో ఎవరైనా అదే అంటారు. కానీ ఎన్నో ఏళ్లుగా కెప్టెన్‌గా తిరుగుతున్న ఒక పెద్దావిడ ముందే చెప్పింది: "మానేస్తావా అని మాత్రం అడక్కు. అడిగితే మానేస్తారు." మన దగ్గర ప్రేమంటే అలిసినవాణ్ణి కూర్చోబెట్టి అన్నం పెట్టడం. ఇక్కడ ఆ అన్నం చేతిలో పెట్టి మళ్లీ నదిలోకి పంపాలి. నోరు మూసుకుని నీళ్లు నింపాను. తిన్నాడు, లేచాడు. గడువు లోపలే ఇద్దరూ సీడ్రిఫ్ట్ చేరారు.

ఆస్టిన్, శాన్ ఆంటోనియో, హ్యూస్టన్ చుట్టుపక్కల మన కుటుంబాలు చాలా ఉన్నాయి. జూన్‌లో పిల్లల్ని తీసుకుని ఒక్కసారి నది ఒడ్డుకు రండి. ఎవరైనా కెప్టెన్‌గా ఉండమంటే కాదనకండి. పులిహోర మాత్రం కాస్త ఎక్కువే కలపండి.