పుస్తకం కన్నడ, మాట తెలుగు

మడకశిర దాటి పావగడ దారి పట్టాక బోర్డులు కన్నడలోకి మారాయి గానీ బస్సులో మాటలు మారలేదు. తుమకూరు జిల్లాలో ఉన్నా ఈ తాలూకాను ఇంచుమించు మూడు వైపులా ఆంధ్ర నేలే చుట్టుకుని ఉంది. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ. తిరుమణి వైపు ఒక పల్లెలో మహిళా సంఘాల ‘ఒక్కూట’ నెలసభ చూద్దామని బయల్దేరాను. ఒక్కూట అంటే మన సమాఖ్య. చిన్న సంఘాలు తమ ప్రతినిధులను పంపి నడుపుకుంటాయి. సంఘం పుస్తకాలు రాసే అమ్మాయికి కొంత గౌరవధనం ఉంటుంది. మిగతావాళ్ళు ఆ పూట కూలి మానుకుని వచ్చినవాళ్ళే.

పదకొండింటికి ఐదుగురే ఉన్నా జమఖానా పరిచేశారు. తర్వాత వచ్చినవాళ్ళు చెప్పులు విడుస్తూనే కొంగుముడి విప్పి ఆలస్యానికి పది రూపాయల ‘దండ’ (జరిమానా) కట్టి కూర్చుంటున్నారు. అధ్యక్షురాలు కూడా పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఎవరూ అడగకముందే తన పది రూపాయలూ మధ్యలో పెట్టింది. అక్కడే నాకు ఆ సభ మీద గౌరవం కలిగింది.

పుస్తకాలు రాసే అమ్మాయి, సభలో జరిగింది రాసే నడావళి పుస్తకం తెరిచింది. రాతంతా కన్నడ. పోయిన నెల తీర్మానాలను ఒక్కొక్కటే చదువుతూ వెంటనే తెలుగులో చెబుతోంది. నాలుగో దాని దగ్గర ఒక పెద్దావిడ చెయ్యెత్తింది.

“నిలుపమ్మీ. మేం ఒప్పుకున్నామని రాసినావే. మేం ఒప్పుకోలేదు. సంఘంలో అడిగి చెప్తామంటిమి.”

“అవునక్కా, నేనే తప్పు రాసినా.”

రబ్బరుతో చెరపలేదు. పాత మాట కనబడేలాగే ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, కన్నడలో ఒకసారి, తెలుగులో ఒకసారి చదివింది. పెద్దావిడ పక్కన వేలిముద్ర వేసింది. ఆవిడకు కన్నడ చదవడం రాదు. అయినా ఆ పుస్తకంలో తన మాట తప్పుగా మిగలకుండా కాపాడుకుంది.

ఆ నెల చిక్కు పొదుపు గురించి. వారం పొదుపు పెంచాలని కొందరి పట్టు. దీని వెనుక పావగడ సోలార్ పార్కు తెచ్చిన తేడా ఉంది. 2018 మార్చిలో ప్రారంభమై 2,050 మెగావాట్లకు పెరిగిన ఈ పార్కు ఐదు ఊళ్ళలో సుమారు 13,000 ఎకరాల మీద పరుచుకుంది. భూమిని కొనలేదు, రైతుల దగ్గర ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుకు తీసుకున్నారు. వానలు ముఖం చాటేసే ఈ కరువు సీమలో అది పెద్ద ఆసరా. భూమి లేనివాళ్ళకు మాత్రం కలుపు కూలి, శెనక్కాయ పీకే కూలి పోయాయి. కౌలు వచ్చే ఇంటావిడా, కూలి పోయిన ఇంటావిడా ఒకే జమఖానా మీద కూర్చున్నారు.

అధ్యక్షురాలు ముందు ఇప్పటిదాకా నోరు తెరవని వాళ్ళను అడిగింది. గోడవారన కూర్చున్న ఒకామె చాలాసేపటికి, “పెంచితే మా సంఘంలో నలుగురు మానేస్తారక్కా” అంది. గదిలో చప్పుడు లేదు. పెంచాలన్నవాళ్ళలో ఒకరు, “ఈ సంగతి బోరింగు కాడ చెప్పుకోకుండా ఈడ చెప్పినావు, మంచిపని చేసినావు” అంది. తీర్మానం చెయ్యలేదు. అన్ని సంఘాల్లోనూ అడిగి వచ్చే నెల తేల్చాలని రాసుకున్నారు. ఓట్లు పెట్టి ఉంటే అయిదు నిమిషాల్లో తేలిపోయేదే. కానీ ఆ నలుగురూ వెళ్ళిపోయేవారు.

మా ఊళ్ళో ఒక సంఘం ఇలా మిగలలేదు. పేరెందుకు గానీ, లెక్కల పుస్తకం ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉండేది. డబ్బు పోయిందని ఎవరూ రుజువు చెయ్యలేదు. పుస్తకం చదివి వినిపించనందుకే అనుమానం పుట్టింది, ఆ అనుమానమే సంఘాన్ని తినేసింది. నేనూ అందులో సభ్యుణ్ణి. అడగాల్సిన రోజున అడగలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

అసలు ఈ చిన్న సంఘాల పుట్టుకే నమ్మకం చుట్టూ జరిగింది. 1980ల్లో కర్ణాటకలో మైరాడా అనే స్వచ్ఛంద సంస్థ పెట్టించిన పెద్ద సహకార సంఘాలు నాయకుల మీద నమ్మకం పోయి చీలిపోయాయి. విడిపోయిన సభ్యులు, అప్పు ఎగ్గొట్టం గానీ ఆ సొసైటీకి కట్టం, మాలో మేం నమ్ముకున్న చిన్న గుంపుగా కడతాం అన్నారు. ఇలాంటి అనుభవాల మీదే 1992లో నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయత్నం మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు, అక్షరాస్యతా కేంద్రంలో కలిసి చదివిన పాఠాన్ని సారా వ్యతిరేక ఉద్యమంగా మార్చారు. పదిమందీ కలిసి విన్న మాటకు అంత బలం ఉంది.

సభ చివర డబ్బు అందరి ముందూ రెండుసార్లు లెక్కపెట్టారు. పెట్టె ఒకరి ఇంటికి, తాళంచెవి మరొకరి ఇంటికి వెళ్ళాయి. ఆ రోజు రాసిందంతా అమ్మాయి మళ్ళీ తెలుగులో చదివాకే సంతకాలయ్యాయి.

సరిహద్దు ఊళ్ళలో సంఘాలు నడిపే చదువుకున్న పిల్లలకు నాదొక్కటే విన్నపం. పుస్తకం కన్నడలో రాయండి, తమిళంలో రాయండి, ఇంగ్లీషులో రాయండి. సంతకం అడిగే ముందు మాత్రం మీ అమ్మ మాట్లాడే భాషలో గట్టిగా చదివి వినిపించండి.