తొంభై ఆరా, వందా?

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు దాటి పక్క సందులోకి తిరిగితే, ఓ పాత బిల్డింగు మూడో అంతస్తులో ఆ ఆఫీసు. ఊళ్లో మిగతా ఆఫీసులు కట్టేసే వేళకి ఇక్కడ టీలు వస్తాయి. వీళ్ల ఖాతాదారులు అమెరికా కాంట్రాక్టర్లు, వాళ్లకి అప్పుడే తెల్లవారుతుంది. టెండరు వేసే ముందు బిల్డింగు డ్రాయింగులను పీడీఎఫ్‌లుగా పంపిస్తారు. గోడలెంత, టైల్సెంత, కాంక్రీటెంత అని స్క్రీన్ మీదే కొలిచి లెక్క తీసి పంపడం వీళ్ల పని. టేకాఫ్ అంటారు. మనవి మీటర్లు, వాళ్లవి అడుగులు, సాఫ్ట్‌వేరులో మార్చడానికి బటన్ ఉండనే ఉంది. మరి ఇందులో అంత గొడవేముందో చూద్దామని వెళ్లాను.

‘‘బటన్‌తో పోయేదైతే మమ్మల్ని ఎవరు పెట్టుకుంటారు మేడం?’’ అన్నాడు టీమ్ లీడ్. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, కాగితం మీద గీతలు గీసే కాలంలో చేరినవాడు.

పక్క సీటులో అమ్మాయి ఓ స్కూలు ప్లాను తెరిచింది. షీటు మూలన స్కేలు రాసి ఉంది: 1/8 అంగుళానికి ఒక అడుగు. అంటే కాగితం మీద ఒకటి, నిజంలో 96. మన దగ్గర అలాంటి ప్లాను 1:100లో గీస్తారు. నాకు చూపించడానికని ఆ అమ్మాయి కావాలనే జాబితాలోంచి 1:100 ఎంచుకుని ఓ తలుపు కొలిచింది. మూడడుగుల తలుపది, పక్కనే అంకె కూడా వేసి ఉంది. స్క్రీన్ మీద మాత్రం మూడడుగుల ఒకటిన్నర అంగుళం అని వచ్చింది.

ఒకటిన్నర అంగుళమేగా అనిపిస్తుంది. పొడవులో అది 4 శాతం పైచిలుకు. వైశాల్యానికొచ్చేసరికి రెండు వైపులా పెరిగి ఎనిమిదిన్నర శాతమవుతుంది: 10,000 చదరపు అడుగుల టైల్సు 10,850గా తేలతాయి. ప్లాను చూడటానికి బాగానే ఉంటుంది, అంకెలూ నమ్మేలాగే ఉంటాయి. ‘‘పాతిక రెట్లు తప్పితే గుడ్డివాడికైనా తెలుస్తుంది. నాలుగు శాతం తప్పితే టెండరు పోయాక తెలుస్తుంది’’ అన్నాడు లీడ్.

రాసి ఉన్న స్కేలునూ వీళ్లు నమ్మరు. అమెరికా వాళ్ల షీటు 24 బై 36 అంగుళాలు, మన ఏ1 కాగితం 594 బై 841 మిల్లీమీటర్లు. దారిలో ఎవరో ‘ఫిట్ టు పేజ్’ కొట్టి పీడీఎఫ్ చేశారంటే బొమ్మ 92 శాతానికి కుంచించుకుపోతుంది, మూలన స్కేలు మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. అందుకని కొలత మొదలుపెట్టే ముందు షీటు మీద అంకె వేసి ఉన్న అతి పొడవైన గీతను పట్టుకుని సాఫ్ట్‌వేరుకు ‘ఇది ఇంత’ అని చెబుతారు. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. స్కాన్ చేసిన కాగితం ఒక్కో వైపు ఒక్కోలా సాగి ఉండొచ్చట.

ఆటోక్యాడ్ ఫైలు వస్తే తంటా వేరు. అక్కడ యూనిట్స్ డబ్బాలో అంగుళాలు తీసి మిల్లీమీటర్లు పెడితే గీత మారదు. 36 యూనిట్ల తలుపు 36 యూనిట్లుగానే ఉంటుంది: ఇందాక 36 అంగుళాలు, ఇప్పుడు 36 మిల్లీమీటర్లు, అంటే చీమలకి తలుపు. గీత నిజంగా మారాలంటే 25.4తో స్కేలు చేయాలి. కొత్తగా చేరినవాళ్లు ముందు తడబడేది ఇక్కడే అన్నారు. చాలామంది మానిటర్ అంచున ఓ పసుపుపచ్చ చీటీ ఉంది: 25.4, 304.8, 10.764, 27. మొదటివి రెండూ అంగుళానికీ అడుగుకీ మిల్లీమీటర్లు. మూడోది చదరపు మీటరుకు చదరపు అడుగులు. నాలుగోది క్యూబిక్ గజానికి క్యూబిక్ అడుగులు, ఎందుకంటే అమెరికాలో కాంక్రీటు ఆ గజాల్లోనే కొంటారు.

అడుగులు కూడా అన్నీ ఒకటి కావు. బిల్డింగు ప్లానులో 12 అడుగుల 6 అంగుళాలు అని వేసింది సైటు ప్లానులో 12.5 అని ఉంటుంది. అలవాటు లేనివాడు 12.6 కొడతాడు. సర్వే అడుగు ఇంకో తలనొప్పి. మామూలు అడుగు సరిగ్గా 0.3048 మీటర్లు. సర్వేవాళ్ల అడుగు అంతకంటే పది లక్షలకు రెండు వంతులు పెద్దది. 2022 చివరితో అమెరికా దాన్ని అధికారికంగా పక్కన పెట్టింది గానీ పాత సర్వేలు ఎక్కడికి పోతాయి? గదిలో ఆ తేడా కనిపించదు. ఇరవై లక్షల అడుగుల దూరంలో మూలబిందువు ఉన్న సైటులో మాత్రం బిల్డింగు నాలుగడుగులు పక్కకి జరుగుతుంది.

లీడ్ ఇదివరకు స్టీలు డిటైలింగులో చేశాడు. మన 9 అంగుళాల గోడను డ్రాయింగులో 230 అని వేస్తారు, లెక్కకి అది 228.6. ఆ 1.4 మిల్లీమీటర్లను ప్లాస్టరింగు మింగేస్తుంది. అక్కడి స్టీలులో ముప్పావు అంగుళం బోల్టుకి వదిలే సందే 1/16 అంగుళం, అంటే 1.6 మిల్లీమీటర్లు. గోడకి చేసినట్టు అంకెను చదును చేస్తే బోల్టు దిగదు.

పగటి షిఫ్టులో వీళ్లు ఊరి పనులూ చేస్తారు. స్థలం గజాల్లో, పిల్లర్ల కడ్డీలు మిల్లీమీటర్లలో, ఫ్లాటు చదరపు అడుగుల్లో. చట్టం కూడా ఏ ఒక్కదాన్నీ వదులుకోలేకపోయింది: 2020 నాటి బిల్డింగు అనుమతుల చట్టం టీఎస్ బీపాస్‌లో అనుమతి అక్కర్లేని స్థలం 75 గజాల దాకా, బ్రాకెట్లో 63 చదరపు మీటర్లు. క్యాలిక్యులేటరు కొడితే 62.7. అదే చట్టంలో వెంటనే అనుమతి దొరికే స్థలం 500 చదరపు మీటర్లు, అక్కడ గజాలు 600. లెక్క ప్రకారం 598. నాకైతే ఇందులో తప్పేమీ కనిపించలేదు. జనం పలికే అంకెకి దగ్గరగా చట్టం జరిగింది, అంతే.

ఇళ్ల ప్లాన్లకి వీళ్లు పెట్టుకున్న పద్ధతి ఒకటే. ఫైలు మిల్లీమీటర్లలోనే ఉంటుంది. మేస్త్రికిచ్చే ప్రింటులో మాత్రం ప్రతి కొలత కిందా రెండో వరుసలో అడుగులూ అంగుళాలూ పడతాయి. ఆ రెండో వరుసను అర అంగుళానికి సరిచేస్తారు. దాంతో గదుల కొలతలన్నీ కూడితే ఇంటి మొత్తం పొడవుతో ఒక్కోసారి కలవదు. మేస్త్రి సైటు నుంచి ఫోను చేస్తాడు. నేనున్నప్పుడే ఒకటి వచ్చింది. ‘‘మొత్తం కొలత పట్టుకో అన్నా, తేడా ఆ చివరి గదిలో సర్దు. బాత్రూం జోలికి మాత్రం పోకు, టైల్సు లెక్క అయిపోయింది’’ అని చెప్పి ఫోను పెట్టేశాడు లీడ్.