చీటీలో మూడో వరస

నెల తొమ్మిదో తేదీ. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు పరీక్షలు చేసే రోజు. కోనసీమలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నేను వెళ్లేసరికి వరండా బెంచీలన్నీ నిండిపోయాయి. బరువు, బీపీ, రక్తపరీక్ష అయ్యాక ఒక్కొక్కరినీ చివరి గదిలోకి పంపుతున్నారు. అక్కడ కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీ, చేతిలో టార్చిలైటుతో పళ్ల డాక్టరమ్మ.

ఐదో నెల అమ్మాయి కూర్చుంది. "తోముకుంటుంటే రక్తం వస్తోందండి. మా అత్తగారు బ్రష్షు మానెయ్యమన్నారు."

డాక్టరమ్మ ఆమె చేతికి అద్దమిచ్చి, కింది పెదవి కాస్త కిందికి లాగారు. పళ్ల సందుల్లో చిగుళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పంటి మొదట్లో గీరితే పరికరం కొసకు పసుపచ్చటి పాచి అంటుకుంది.

"రక్తానికి కారణం ఇదమ్మా. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల చిగుళ్లు కొంచెం పాచికే రేగిపోతాయి. బ్రష్షు మానేస్తే పాచీ పెరుగుతుంది, రక్తమూ పెరుగుతుంది."

తర్వాత మూడో నెల ఆమె. వాంతి అవగానే పళ్లు తోముకుంటోందట. కడుపులోంచి వచ్చిన ఆమ్లానికి పంటి పైపొర మెత్తబడుతుంది, అప్పుడే తోమితే అరిగిపోతుంది. గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి, గంట ఆగి తోముకోమన్నారు.

పుచ్చుపన్ను పూడ్పించుకోవడానికి నాలుగు నుంచి ఆరో నెల వరకు అనువైన కాలమట. వాపో, నొప్పో ఉంటే మాత్రం ఏ నెలైనా ఆగకూడదు. సొంతంగా మందుబిళ్లలు కొని మింగకూడదు. టెట్రాసైక్లిన్ లాంటివి పుట్టబోయే బిడ్డ పళ్లకు మచ్చ తెస్తాయి.

ఏడు నెలల పిల్లాణ్ణి ఎత్తుకొచ్చిన తల్లికి దవడ పన్ను పుచ్చింది. పాలిస్తున్నానని వైద్యం వాయిదా వేసుకుంది. "తిమ్మిరి ఇంజెక్షన్ చేయించుకున్నా పాలివ్వచ్చమ్మా. కానీ నువ్వు నోట్లో పెట్టుకున్న చెంచాతో వాడికి పెట్టకు, పుచ్చు చేసే క్రిములు వాడికీ అంటుతాయి" అన్నారు డాక్టరమ్మ.

నేను బయల్దేరబోతుంటే మొదటి అమ్మాయి మళ్లీ వచ్చింది. "నోటిమాటగా చెబితే మా అత్తగారు నమ్మరండి. రాసివ్వండి."

డాక్టరమ్మ నవ్వి చీటీ అందుకున్నారు. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, వాటి కింద మూడో వరసలో: మెత్తటి బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టు, రోజుకు రెండుసార్లు.