బ్యాంకువారి యనుమానము

న్యాయసూత్రకర్త యగు గౌతముడు పదునాఱు పదార్థములను పేర్కొనుచు, ప్రమాణ ప్రమేయముల వెంటనే సంశయమునకు మూడవ స్థానము నిచ్చెను. సంశయము దోషమని యాయన తలపలేదు. సంశయము లేనిచో విచారణ లేదు. విచారణ లేనిచో నిర్ణయము లేదు. ఆ నిర్ణయమును సైతము ఆయన యా పదునాఱింటిలో నొకటిగా లెక్కించెను. కావున సంశయపడుట తప్పు కాదు. సంశయపడి నిర్ణయమునకు రాకుండుట తప్పు. అంతకంటె పెద్ద తప్పు, అడుగవలసినవారిని విడిచి మఱియొకరి నడుగుట.

ఈ శాస్త్రచర్చ గృహస్థుల కేల యని చదువరు లడుగవచ్చును. నేడు మన ధనమును గాచు బ్యాంకులలో సంశయపడు పని యంత్రములకు అప్పగింపబడినది. విదేశపు దుకాణమునుండి యింట గూర్చుండి యే వస్తువునైన గొనబోవునపుడు, “ఈ చెల్లింపు మీరు చేసినదేనా?” యని యొక సందేశము వచ్చుటయు, ఒక్కొక్కప్పుడు కార్డే నిలుపబడుటయు మధ్యతరగతి యిండ్లలో సామాన్యమైపోయినది. కొందఱు దీనిని బాధ యనుచున్నారు, కొందఱు రక్ష యనుచున్నారు. మా యభిప్రాయమున నిది రెండును గలిసిన వస్తువు. రక్ష నిలుపుకొని బాధను తగ్గించుట యెట్లో విచారింపవలసియున్నది.

పూర్వము మన సాహుకారులు షాజోగు హుండీ యను నొకదానిని నడపెడివారు. దాని సొమ్ము ఊర పేరుప్రతిష్ఠలు గల వర్తకునికే గాని, కాగితము తెచ్చిన ప్రతివానికిని ఈయబడెడిది కాదు. తెచ్చినవా డెవడో తెలియుటకు మనుష్యుని ముఖమే ప్రమాణము. నేటి చెల్లింపునకు ముఖము లేదు. మన మిక్కడ కార్డుసంఖ్య నొక్కగానే, లండనులోని విక్రేతనుండి యాతని బ్యాంకునకును, అచటినుండి వీసా, మాస్టర్‌కార్డు వంటి సంస్థల తంత్రులమీదుగా మన బ్యాంకునకును ఒక ప్రశ్న వచ్చును: “ఈ సొమ్ము ఇయ్యవచ్చునా?” దానికి కొన్ని క్షణములలో ఔననియో కాదనియో బదులు పోవలయును. ఆ క్షణములలోనే యంత్రము మొత్తమెంత, వేళ యేది, దేశమేది, ఈ ఖాతాదారు ఇదివఱ కిట్టివి కొనెనా యని చూచి లెక్కగట్టును. సంస్కృతమున అనుమానమనగా హేతువును బట్టి యూహించుట. తెలుగున అనుమానమనగా శంక. యంత్రము చేయునది రెండును. శంకించుటకే యూహించును.

స్వదేశపు చెల్లింపులకంటె విదేశపు చెల్లింపులను అది హెచ్చుగా శంకించుటకు కారణము గలదు. అంతర్జాలమున కార్డుతో చెల్లించునపుడు కార్డుమీది యంకెలు మాత్రము చాలవనియు, కార్డుమీద లేని రెండవ సాక్ష్యము కావలయుననియు మన రిజర్వుబ్యాంకువారు 2009 ఆగస్టునుండి విధించిరి. అదియే నేడు పెక్కిండ్ల ఓటీపీ యను పేరున సెల్‌ఫోనునకు వచ్చుచున్నది. విదేశములలో ననేక దుకాణములు దాని నడుగకయే, కార్డుసంఖ్య, గడువు, వెనుకనున్న మూడంకెలు – వీనితోనే సొమ్ము గైకొనుచు వచ్చినవి. అందుచే దొంగిలిన యంకెలకు విదేశపు దుకాణమే సులభమైన త్రోవ. దీనికి అడ్డుగా 2020 జనవరిలో, కొత్తగా నిచ్చు కార్డు స్వదేశమున యంత్రములకడ వాడుటకే పనికివచ్చునట్లుండవలయుననియు, అంతర్జాల విదేశ ద్వారములను ఖాతాదారుడే కోరి తెఱచుకొనవలయుననియు రిజర్వుబ్యాంకువా రుత్తరువు చేసిరి. 2025 సెప్టెంబరులో వెలువరించిన నిర్దేశములలో, విదేశవర్తకుడు రెండవ సాక్ష్యము నడిగినచో దానిని పరీక్షించు నేర్పాటును 2026 అక్టోబరు 1వ తేదీకి కార్డులిచ్చువారు చేసికొనవలయునని గడువు పెట్టిరి. అడుగని వర్తకుని విషయమున మాత్రము యంత్రపు సంశయమే కావలి.

ఆ కావలి పలుమాఱు దొరను పట్టుకొని దొంగ యనుచున్నదని నింద. ఇందు వింత లేదు. కొంచెము లెక్క వేసినచో తెలియును. పదివేల చెల్లింపులలో పది మాత్రము దొంగవని యనుకొందము. యంత్రము మిక్కిలి నిపుణమై, యా పదింటిలో తొమ్మిదింటిని పట్టుకొనుననియు, సక్రమములైనవానిలో నూటికొక్కదానినే పొరపాటున నాపుననియు ననుకొందము. అప్పుడు సక్రమములైనవి సుమారు నూఱు, దొంగవి తొమ్మిది నాపబడును. అనగా నిలుపబడిన ప్రతి పండ్రెండింటిలో పదునొకటి దొరలవే. తార్కికులు దీనిని ముందే యెఱుగుదురు. కొండమీది ఆవిరిని జూచి పొగ యనుకొని నిప్పున్నదని చెప్పువాడు ఊహించుట తప్పు కాదు, చూచిన హేతువు తప్పు. అయినను దొంగలు తక్కువగా నున్నంతకాలము కావలివాని కేకలలో హెచ్చుభాగము వృథా యగుట తప్పదు. కావున యంత్రము శంకించెనని కోపింపబనిలేదు. శంకించిన పిదప ఎవరి నడుగుచున్నది, ఏ భాష నడుగుచున్నది, ఏ రీతి నడుగుచున్నది – ఇవి విచారింపవలసిన మూడు ప్రశ్నలు.

మొదటి ప్రశ్నకు మా యింటి కథయే యుదాహరణము. మా గృహిణి లేసు అల్లుటలో నేర్పరి. మా నరసాపుర ప్రాంతమున నది చిరకాలపు విద్య. ఆ యల్లికవలన వచ్చిన సొమ్మును ఆమె తన పేరనే వేరు ఖాతాలో నిలువ చేసికొనుచున్నది. ఇంగ్లండులోని పాతపుస్తకముల యంగడిలో లేసు నమూనాల ప్రాచీనగ్రంథ మొకటి పదునెనిమిది పౌండ్లకు అమ్మకమునకు వచ్చినదని తెలిసి, ఒకనాటి యుదయమున ఆమె దానికి సొమ్ము చెల్లింపబోయెను. బ్యాంకు యంత్రము శంకించి కార్డు నిలిపెను. నిలిపి, ఔనా కాదా యని అడిగెను. ఎవరి నడిగెను? మమ్ము! ఖాతా తెరచిననాడు గుమాస్తా “మేష్టారి నంబరుంటే చాలదాండీ?” యని తానే మా నంబరు వ్రాసికొనెను. సందేశము వచ్చినవేళ మేము పదవతరగతికి పాఠము చెప్పుచుంటిమి. మా ఫోను ఉపాధ్యాయుల గదిలో సొరుగున నున్నది. మధ్యాహ్నము చూచి బదులిచ్చి, కార్డు మరల నడచి, సాయంకాలమామె తిరిగి యత్నించునప్పటికి ఆ యొక్క ప్రతియు అమ్ముడుపోయెను.

ఆమె మమ్మేమియు దూఱలేదు. “డబ్బు నాది, సంతకం నాది, అనుమానం వచ్చినప్పుడు మాత్రం మిమ్మల్ని అడగడమేమిటండీ?” అనెను. దీనికి బదులేమున్నది? మఱునాడే బ్యాంకునకు పోయి తన నంబరు వ్రాయించుకొనెను. అచ్చటివారు “మేష్టారికి చెప్పారాండీ?” యని యడిగిరట. స్త్రీలకు ఆస్తిహక్కు కావలయునని సభలలో తీర్మానించి దశాబ్దములు గడచినవి. చట్టమున హక్కు వచ్చినది. పుస్తకమున పేరు వచ్చినది. కాని సొమ్మును గూర్చిన ప్రశ్న వచ్చునపుడు అది యింకను మగవాని జేబులోనే మ్రోగుచున్నది. ఒక పుస్తకము పోయిన నేమి యనరాదు. ఓటీపీ యెవరి చేతికి వచ్చునో ఆ ఖాతాకు యథార్థముగా వారే యజమానులు.

రెండవ మూడవ ప్రశ్నలకు మా వీథిలోని యొక పెద్దవారి యనుభవమే సాక్ష్యము. వారు విశ్రాంతి తీసికొనుచున్న ప్రధానోపాధ్యాయులు. కుమారుడు అమెరికాలో నున్నాడు. కుమారునికొఱకు వారప్పుడప్పుడు విదేశపు దుకాణములలో కొనుటయు, బ్యాంకువారు ఫోనుచేసి “మీరేనా?” యని యడుగుటయు వారి కలవాటు. ఆ యలవాటునే దొంగ కనిపెట్టెను. ఒకనాడు వారి కార్డు యంకెలు, పేరు చక్కగా నప్పగించి, “విదేశములో మీ కార్డుమీద నలువదిరెండువేలు ఖర్చవుతోంది సార్, ఆపాలంటే ఇప్పుడు వచ్చే అంకెలు చెప్పండి” యనెను. అంకెలు వచ్చినవి. ఇవి చెల్లింపునకని, ఎవరికిని చెప్పరాదని ఆ సందేశములోనే యింగ్లీషున వ్రాసియున్నది. నలువదియేండ్లు ఇంగ్లీషు బోధించినవారికి అది తెలియదా? భయమున వాక్యము కనబడలేదు, అంకెలు మాత్రము కనబడినవి. ఇంక ఆ భాషయే రానివారి గతి యేమి?

కథ యంతటితో ముగియలేదు. వారు సిగ్గుచే రెండుదినము లెవ్వరితోను చెప్పలేదు. శిష్యులు నవ్వుదురనియు, కుమారుడు మందలించుననియు భయము. రెండవనాడు దొంగ, ఓటీపీ యడుగని యొక విదేశపు దుకాణమున అదే కార్డుపై పదునెనిమిదివేలు ఖర్చుచేసెను. ఈమాఱు బ్యాంకువారి నిజమైన హెచ్చరికయే వచ్చెను. ఒకమాఱు మోసపోయినవారు గనుక, ఇదియు దొంగదే యని వారు దానిని తాకనైన తాకలేదు. మొదట అబద్ధపు కేకను నమ్మి కొంతయు, తరువాత నిజపు కేకను నమ్మక కొంతయు పోగొట్టుకొనిరి. కావలివాని కేకయు దొంగ కేకయు ఒకే స్వరమున నున్నప్పుడు ఎంతటి పండితునికైన కలుగు దుర్గతి యిది.

రిజర్వుబ్యాంకువారు 2017 జూలై 6వ తేదీన జారీ చేసిన యుత్తరువు ననుసరించి, ఖాతాదారుని లోపముగాని బ్యాంకు లోపముగాని లేక మూడవవాని వలన నష్టము కలిగినచో, బ్యాంకువారు తెలిపిన మూడు పనిదినములలో ఫిర్యాదు చేసినవానికి బాధ్యత లేదు. రహస్యపుటంకెలు తానే చెప్పినవానికి, ఫిర్యాదు చేయువఱకు కలిగిన నష్టము తనదే. చేసిన పిదప కలిగినది బ్యాంకుది. ఆ పెద్దవారు మొదటినాడే నోరువిప్పియున్నచో కార్డు నిలిచిపోయియుండును, పదునెనిమిదివేలు దక్కియుండును. అవి సిగ్గునకు చెల్లించిన సుంకము. మోసపోయినవానిని జూచి నవ్వు సంఘము దొంగకు తోడ్పడుచున్నదని మేము నిస్సంకోచముగా చెప్పుదుము.

ఇంక చేయవలసినవి. బ్యాంకులవారు ఖాతా ఎవరిదో వారి నంబరునే యడిగి వ్రాసికొనవలయును. స్త్రీ యైనచో భర్త నంబరుతో సరిపెట్టరాదు. హెచ్చరికను ఖాతాదారు కోరిన భాషలో, మొత్తమును దుకాణపు పేరును మొదటి పంక్తిలో నుంచి పంపవలయును. గృహస్థులు, విదేశపు ద్వారమును కొనునపుడు మాత్రము తగిన మితితో తెఱచి, కొన్న పిదప మూసివేయవలయును. బ్యాంకుపేర నెవరు పిలిచినను బదులీయక ఫోను పెట్టివేసి, కార్డు వెనుక నచ్చువేసిన నంబరునకు తామే పిలువవలయును. దొంగ మనలను పిలువగలడు గాని, మనము అచ్చునంబరునకు పిలిచినపుడు పలుకజాలడు. వచ్చిన అంకెలకు ముందు వాక్యము చదువవలయును. చెల్లింపును రద్దుచేయుటకని యే బ్యాంకువాడును ఫోనులో ఓటీపీ యడుగడు. మోసము జరిగినదని తోచిన క్షణమే బ్యాంకునకును, 1930 నంబరునకును తెలుపవలయును. ఇంటిలోనివారికి అంతకుముందే తెలుపవలయును.

ఈ సంచిక చేతికందిననాడే చదువరులు తమ యింటి స్త్రీల ఖాతాలకు ఎవరి నంబరు వ్రాయబడియున్నదో విచారింపుడు. అది తమదైనచో, పదిరోజులు ఆగక, ఆమెతో గూడ బ్యాంకునకు పోయి, ఆమె నంబరు నామెచేతనే వ్రాయింపుడు. ఇంటి పెద్దలకు ఆ వెనుకనున్న నంబరును పెద్దయక్షరములతో వ్రాసి ఫోనుప్రక్కన అంటింపుడు. సంశయపడు పని యంత్రము చేయుచునే యున్నది; నిర్ణయము సొమ్ము గలవారు చేయవలసియున్నది.