మాతృదినోత్సవము

కొన్ని పండుగల పుట్టుక కాలగర్భమున కలసిపోయినది. కొన్నింటి పుట్టుక స్పష్టముగ తెలియుచున్నది. మే నెల రెండవ ఆదివారమున జరుగు మాతృదినోత్సవ మట్టిది.

అమెరికాలోని పశ్చిమ వర్జీనియా ప్రాంతమున ఆన్ రీవ్స్ జార్విస్ అను తల్లి యుండెను. ఆమె బిడ్డలలో పెక్కురు పసితనముననే మరణించిరి. ఆ దుఃఖమును దిగమ్రింగి ఆమె 1858లో తల్లులను సంఘములుగ గూర్చి, పాలశుభ్రతను, ఇంటిశుభ్రతను నేర్పెను. అంతర్యుద్ధ కాలమున ఆ సంఘములు ఉభయపక్షముల సైనికులకును పరిచర్య చేసెను. ఆమె 1905లో గతించెను. కుమార్తె ఆనా 1908 మే 10న గ్రాఫ్టన్ పట్టణపు మెథడిస్టు చర్చిలో స్మారక ఆరాధన జరుగునట్లు చేసి, 500 తెల్లని కార్నేషను పువ్వులను పంపెను. 1914లో అధ్యక్షుడు విల్సన్ ఆ దినమును దేశమంతటికిని ప్రకటించెను.

పిమ్మట వర్తకులు పువ్వుల వెల పెంచిరి. అచ్చుకార్డులు విరివిగ అమ్మిరి. స్వహస్తముతో వ్రాసిన ఉత్తరమునకు అచ్చుకార్డు సాటిరాదని ఆనా వాదించెను. తాను నెలకొల్పిన పండుగతోనే పోరాడి 1948లో కన్నుమూసెను.

మా తల్లికి చదువు రాదు. ఉపాధ్యాయ శిక్షణకై పోయినపుడు మేము వ్రాసిన ఉత్తరములను పొరుగువారిచే చదివించుకొని ట్రంకుపెట్టెలో దాచెడిది. ఆమె పోయిన పిమ్మట అవి మాకు దొరకినవి. పలుమారులు విప్పుటచే మడతలు చిరిగియుండెను.

బోర్డింగులోని బాలబాలికలారా! మే నెలలో మీరు ఇంటనే యుందురు. తల్లికి ఉత్తరము కావలసినది మీరు దూరముగ నున్న దినములలోనే. ఒక కార్డుముక్క మీ చేతితో వ్రాయుడు. చదువనేరని తల్లియు దానిని దాచుకొనును.