లోహము పట్టు చోటు

తెలుగు పండితునికి రసాయన శాస్త్రముతో పనియేమి యని మా సహోపాధ్యాయులు హాస్యమాడుచుందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. తిరుపతిలో ఉపాధ్యాయ శిక్షణ ముగించి, చిత్తూరు మీదుగా వేలూరు బస్సెక్కి ఈ సీమకు వచ్చిననాడు, వ్యాకరణమును ఛందస్సును తప్ప మరియొక దానిని బోధింపవలసి వచ్చునని మేము తలంపలేదు. అయినను నిరుటి క్వార్టర్లీ పరీక్షల సెలవులన్నియు మాకు బొగ్గుతోను లోహములతోను గడచినవి. ఆ సంగతి మా విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును చెప్పదగినదని తోచి వ్రాయుచున్నాము.

మా పాఠశాలలో పదవ తరగతి వరకు తెలుగున చదివి, పిమ్మట వేలూరులో ఇంగ్లీషు మాధ్యమమున ప్లస్ వన్ చేరిన బాలిక యొకతె గుడియాత్తములోని మా యింటికి వచ్చెను. మా తరగతిలో నున్ననాళ్ళు ప్రశ్నలతో మమ్ము ఊపిరి సలుపనిచ్చెడిది కాదు. ఆనాడు మాత్రము గుమ్మమువద్దనే నిలిచి, చేతిలోని కాగితమును మడచుచు విప్పుచు నుండెను. సైన్సు ప్రదర్శనకై ఆమెకిచ్చిన విషయ మది: గ్రాఫీను అను పదార్థమునకు లోహపు పరమాణువులు ఎట్లు అంటుకొనును?

"చదివితే అర్థమైనట్టే ఉంటుందయ్యవారూ. నోరు తెరిస్తే మాట రాదు. నవ్వుతారని ఊరికే కూర్చుంటున్నాను. ఈ చదువు మానేసి ఇంటిపట్టున ఉంటానని మా నాయనతో చెప్పేశాను" అనెను.

ఇది వినిన పిమ్మట, రసాయనము మా పని కాదని పంపివేయుటకు మనసొప్పలేదు. "నాలుగు దినములాగి మీ నాయనను కూడ తీసికొని రామ్మా" అంటిమి. ఆ నాలుగు దినములు మా విజ్ఞాన శాస్త్రోపాధ్యాయుని ఇంటి అరుగు వదలలేదు. ఆయన విసుగుకొనక చెప్పినదానిని మేము తెలుగున వ్రాసికొంటిమి.

పెన్సిలులోని నల్లని పుల్లను ఇంగ్లీషువారు సీసమని పిలిచిరి గాని, అందు సీసము రవంతయు లేదు. అది గ్రాఫైటు, అనగా కర్బనము. పొరమీద పొరగా పేర్చిన తమలపాకుల కట్టవలె నుండును. కాగితముపై గీచినప్పుడు పొరలు జారి అంటుకొనును. అందు ఒకే ఒక పొర గ్రాఫీను. 2004వ సంవత్సరమున ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున గైమ్, నొవొసెలోవ్ అను శాస్త్రజ్ఞులు, మనము చినిగిన పుస్తకములకు అంటించు జిగురు టేపు వంటి దానితోనే ఆ పొరను ఊడదీసిరి. 2010లో వారికి భౌతిక శాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. ఇట్టి పొరలు సుమారు 30 లక్షలు పేర్చినగాని ఒక మిల్లీమీటరు మందము కాదు.

తేనెపట్టు గదులవలె ఆరు మూలల గళ్ళతో నేసిన వస్త్రము వంటిది ఆ పొర. ప్రతి కర్బన పరమాణువును ముగ్గురు పొరుగువారిని గట్టిగా పట్టుకొని యుండును. ఇక పైనివచ్చిన లోహమునకు ఇచ్చుటకు దానికి చేయి ఏది? పొటాషియము వంటిది తన ఎలక్ట్రానును పొరకిచ్చి, గడి నడుమ కూర్చుండును. బంగారపు పరమాణువైతే తామరాకుపై నీటిబొట్టువలె జారిపోవుచు, తనవంటి మరికొన్నిటితో చేరి ముద్ద కట్టును. లోపమెరుగని పొర లోహమును నిలుపలేదు.

నిలుపునది వేరొక చోటు. ఒక కర్బన పరమాణువు ఊడిపోయి గంటు పడెననుకొనుడు. దాని పొరుగువారు మూడింటికిని ఒక్కొక్క చేయి ఖాళీ యగును. అచ్చట చిక్కిన లోహము సులభముగా కదలదు. కర్బనమునకు బదులు నత్రజని పరమాణువులు చేరిన చోటును అట్టిదే. నాలుగు నత్రజనుల నడుమ ఒక్క ఇనుప పరమాణువును కూర్చుండబెట్టుచున్నారు. మన రక్తమున ప్రాణవాయువును మోయు ఇనుము కూడ నాలుగు నత్రజనుల నడుమనే యున్నది! మూడవది ఆమ్లజని. గ్రాఫైటును ఘాటైన ఆమ్లముతోను పర్మాంగనేటుతోను మార్చి, పొరలు విడదీసినచో గ్రాఫీను ఆక్సైడు వచ్చును. దాని అంచులందు కార్బాక్సిలు సమూహములు మొలకలెత్తును. అవి నీటిలోని సీసము వంటి లోహములను పట్టుకొనును.

దీనిని అధిశోషణ మందురు. శోషణము వేరు, అధిశోషణము వేరు. స్పంజి నీటిని లోనికి పీల్చుకొనును. ఇచ్చట లోహము పైని అంటియుండును. అధిరోహణము, అధిష్ఠానము అను మాటలలోని 'అధి' యే ఇది. ఆ ఒక్క ఉపసర్గ దొరకినంతనే, ఈ శాస్త్రమున మాకును కాలు మోపుటకు చోటున్నదని సంతసించితిమి.

చెప్పిన దినమున బాలిక తండ్రితో వచ్చెను. ఆయన పేరణాంబట్టులోని ఒక టానరీలో డ్రమ్ముల వద్ద పనిచేయువాడు. కుర్చీ చూపినను గోడకానుకొని నిలిచెను. బాలిక మా కాగితమును చూచుచు తెలుగున చెప్పసాగెను. కార్బాక్సిలు సమూహమువద్దకు వచ్చి, "ఆమ్లం ఎక్కువైతే ఈ చేతులు మూసుకుంటాయి, అప్పుడు లోహం పట్టదు. ఆమ్లం తగ్గితే తెరుచుకుంటాయి" అని చెప్పినంతనే ఆయన కలుగజేసికొనెను.

"ఇది మా క్రోము పనే కదమ్మా. సున్నం పని అయినాక ఉప్పు, ఆసిడ్డు వేసి పికిలు చేస్తాం. పికిలు లేకుండా క్రోము వేస్తే పైపైనే పట్టేసి లోపలికి పోదు. లోపలిదాకా పోయినాక సోడా కొంచెం కొంచెంగా వేస్తాం. అప్పుడు పట్టుకుంటుంది. పట్టిందో లేదో ముక్క కోసి మరిగే నీళ్లలో వేసి చూస్తాం. ముడుచుకోకపోతే పట్టినట్టు."

బాలిక కాగితము దించి తండ్రివంక చూచెను. "ఆసిడ్డులో చేతులు మూసుకుని ఉంటాయి నాయనా, అందుకే క్రోము లోపలికి పోతుంది. సోడా వేస్తే తెరుచుకుంటాయి!" అనెను. నిజమే. తోలులోని కొల్లాజెను అను మాంసకృత్తునకు కూడ ఆ కార్బాక్సిలు సమూహములే కలవు. క్రోమియము పట్టునది వాటినే. మా విజ్ఞాన శాస్త్రోపాధ్యాయుడు కుర్చీనుండి లేచి, ఆ డ్రమ్ము పనివానిని చేయిపట్టి తన ప్రక్కన కూర్చుండబెట్టుకొనెను. అంతవరకు తండ్రి పని యేమని తోటివారడిగిన "ఏదో కంపెనీ" అని చెప్పుచుండెడిదట ఆ బాలిక. అది ఆమెయే పిమ్మట మాకు చెప్పినది.

గుంటూరు జిల్లా యలవర్రున 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారిని గూర్చి ఆనాడే ఆమెకు చెప్పితిమి. మన తెలుగువాడైన ఆయన అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయమున చదివి, 1958 నుండి 1971 వరకు మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టరుగా నుండెను. తోలుపనిని శాస్త్రముగా ఎంచిన మహనీయుడు.

తోళ్లు పట్టుకొనని క్రోమియము నీటితో పోవును. పాలారు తీరపు టానరీల మురుగునీటిని గూర్చి సుప్రీం కోర్టు 1996 ఆగస్టులో ఇచ్చిన తీర్పు దేశమంతట ప్రసిద్ధము. టానరీలో వాడు క్రోమియము మూడవ స్థితిలోనిది. ఆరవ స్థితిలోనిది పసుపుపచ్చనిది, విషము. అది నీటిలో ఋణావేశముతో నుండుటచే తెరచిన చేతులు దానిని త్రోసివేయును. ఆమ్లమున్నప్పుడే అది కర్బనమును చేరును. చేరినదానిని కర్బనము మూడవ స్థితికి మార్చి నిలుపుకొనును. ఈ తిరకాసు బోధపడుటకు మాకు రెండు దినములు పట్టినది. బాలికకు అర్ధగంట.

ప్రదర్శన దినమున మేమును వేలూరు పోయితిమి. తండ్రి సగము దినము సెలవు పెట్టి, క్రోము పట్టిన నీలి తోలుముక్క నొకదానిని దినపత్రికలో చుట్టి తెచ్చెను. బాలిక దానిని ఒక పెన్సిలు ప్రక్కన బల్లపై నుంచెను. మొదట ఇంగ్లీషున తడబడెను. నడుమ ఒకచోట తెలుగున ఒక వాక్యము చెప్పి, దానిని తానే మరల ఇంగ్లీషులోనికి మార్చుకొని సాగెను. ఎవరును నవ్వలేదు.

అందరును పోయిన పిమ్మట తండ్రి ఆ అట్టలను ఒక్కొక్కటిగా చూచి అడిగెను: "అంతా బాగుందమ్మా. నీళ్లలోని క్రోమును మీ బొగ్గు పట్టుకుంటుంది, సరే. పట్టుకున్నాక ఆ బొగ్గును ఎక్కడ పెడతారు?"

లోహమును మరల ఆమ్లముతో కడిగి తీయవచ్చునని మా విజ్ఞాన శాస్త్రోపాధ్యాయుడు చెప్పబోయెను. "ఆ కడిగిన నీళ్లు?" అని ఆయన మరల అడిగెను. బాలిక పెన్సిలు తీసికొని ఆ ప్రశ్నను కడపటి అట్ట అడుగున తెలుగులోనే వ్రాసికొనెను.